కంసాలి పిట్ట రికార్డింగ్: గొంతు ఎటు తిరిగితే మోత అటు

గుంటూరులో ఎండలు ముదురుతున్నాయి, కంసాలి పిట్టల (కాపర్‌స్మిత్ బార్బెట్) జోరూ పెరిగింది. జానెడు కూడా లేని పిట్ట జతను పిలిస్తే రెండు వీధుల అవతలికి ఎలా వినపడుతుందో తేల్చుకోవాలని ఈ సీజన్ అంతా దాని మీదే పెట్టాను.

మా వీధి చివర రావిచెట్టు మీద పైన ఎండిన కొమ్మే దాని చోటు. ఆకులు అడ్డం రావు కాబట్టి అరుపు దూరం పోతుంది. బైనాక్యులర్స్‌లో చూస్తే అరిచేటప్పుడు ముక్కు తెరవదు! టుక్ అన్న ప్రతిసారీ గొంతుకు రెండు పక్కలా చర్మం బుడగలా ఉబ్బి దిగుతుంది. పక్షులకు శబ్దం పుట్టేది మనలా గొంతు పైభాగంలో కాదు, శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఛాతీ లోపల. ముక్కు మూసి ఉంటే ఆ శబ్దం ఉబ్బిన చర్మం గుండా బయటికొస్తుంది. గువ్వలు కూసేదీ నోరు మూసుకునే, కాకపోతే వాటికి ఉబ్బేది అన్నవాహిక.

అరుస్తూనే తల అటూ ఇటూ తిప్పుతుంది. అందుకే ఒకసారి ఈ చెట్టు మీద, ఇంకోసారి పక్క డాబా మీద ఉన్నట్టు అనిపిస్తుంది. రికార్డింగ్‌ని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఆ తేడా కంటికే కనపడుతుంది: తల నా వైపున్నప్పుడు గీతలు ఎత్తుగా, పక్కకి తిప్పగానే పొట్టిగా. అమెజాన్ అడవుల్లోని తెల్ల బెల్‌బర్డ్ సంగతి ఇంకా గట్టిది. 2019లో శాస్త్రవేత్తలు దాని అరుపును 125 డెసిబెళ్లని కొలిచారు. ఆడపిట్ట దగ్గరున్నప్పుడు మగది గిర్రున దాని వైపు తిరిగి మరీ అరుస్తుందట.

ఇలా పోల్చాలంటే ఫోన్‌లో ఆటోమేటిక్ గెయిన్ ఆపేయాలి. లేకపోతే ఫోనే చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి అంతా ఒకటే చేసేస్తుంది. ఫైల్ శబ్దాన్ని కుదించని ఫార్మాటైన వేవ్‌లోనే ఉండాలి. ఫోన్ జరగకూడదు, ఎందుకంటే దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది. ఆటోలు మొదలు కాకముందే, గాలి లేని తెల్లవారుజామే మంచి టైం. రికార్డ్ చేసిన అరుపును చెట్టు కింద తిరిగి వినిపించడం మాత్రం నేను చెయ్యను. గూడు కట్టుకునే రోజుల్లో అవి ప్రత్యర్థి వచ్చిందని టెన్షన్ పడతాయి, అది అన్యాయం.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో పెయింటెడ్ స్టార్క్ అనే పెద్ద కొంగలది వేరే పద్ధతి. వాటికి అరుపు దాదాపు లేదు, గూటి దగ్గర ముక్కులు టకటకలాడిస్తాయి. జత పక్కనే ఉంటుంది కాబట్టి అంత చాలు. గట్టు మీది నుంచి నా ఫోన్‌కి సరిగ్గా అందలేదు.

ఇక రెండు ఫోన్లతో చూడాలి. రావిచెట్టుకు చెరో పక్క సమాన దూరంలో పెట్టి, మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొడితే, ఆ చప్పుడును బట్టి రెండు ఫైళ్ల టైమూ సరిపెట్టుకోవచ్చు. ఒక దాంట్లో గీత పెరిగినప్పుడు రెండో దాంట్లో తగ్గితే తల తిప్పడం లెక్క తేలినట్టే.