అరికాళ్ళ మంట

రమ ఫోన్ పెట్టేసి మూడు గంటలైంది. ఆ మాట ఇంకా చెవుల్లోనే తిరుగుతోంది. "నిద్ర మాత్ర మానేసి ఏడు నెలలైంది కదా వదినా, అమ్మకి ఏం వచ్చినా ఇంకా దాని మీదికే తోసేస్తే ఎలా?"

పొద్దున జరిగింది ముందు రాసేస్తాను. లేకపోతే ఈ చిరాకులో అది కాస్తా కొట్టుకుపోతుంది. అత్తయ్య ఇవాళ ఏడు చుక్కల మెలికల ముగ్గు వేసింది. సంక్రాంతి నుంచీ ఆవిడ వేళ్ళ మధ్య నుంచి పిండి జారితే గీత రంపపు పళ్ళలా వచ్చేది. చుక్క చుట్టూ తిరిగేచోట చెయ్యి ఒణికి తెగిపోయేది. ఇవాళ ఒక్కచోట కూడా తెగలేదు. నడుం మీద చెయ్యేసుకుని కాసేపు దాన్నే చూసుకుని, లోపలికొచ్చి కాఫీ అడిగింది.

ఇక రమ సంగతి. తను అమ్మ మీద ప్రేమతోనే అడిగింది, కాదనను. కానీ ఆ వెంటనే ఇంకో మాట అంది: "అంతగా నిద్ర పట్టకపోతే ఒక అర బిళ్ళ వేస్తే పోయేదానికి!" దానికి నా ఒళ్ళు మండింది. ఆ అర బిళ్ళ దాకా దిగడానికి పట్టిన పద్నాలుగు నెలలూ తనకి తెలియనివి కావు.

అత్తయ్య పదకొండేళ్ళు వేసుకున్న ఆ మాత్ర క్లోనజెపాం. అది ఒంట్లోంచి పోవడానికి ఎన్నాళ్ళో పట్టదు. ఉన్న మందు సగమవడానికి 30, 40 గంటలు. అలా ఐదుసార్లు సగమైతే దాదాపు ఏమీ మిగలదు, అంటే ఆరు నుంచి ఎనిమిది రోజులు. అందుకే "ఒంట్లో మందే లేదుగా, ఇంకా బాధేమిటి" అని అందరికీ అనిపిస్తుంది. బాధ మందు వల్ల కాదు. అది లేకుండా బతకడం మెదడు మళ్ళీ నేర్చుకోవాల్సి రావడం వల్ల. పదకొండేళ్ళు రోజూ ఇంటి ముందుకి ట్యాంకరు వస్తే పెరట్లో బావిని ఎవరు పట్టించుకుంటారు? పూడిక పడుతుంది. ట్యాంకరు ఆగిన రోజున చేద వేస్తే బురదే వస్తుంది. మెదడులో కంగారుని అణచే గాబా అనే రసాయనం ఉంది. ఈ బిళ్ళ దాని బలాన్ని పెంచుతుంది. ఏళ్ళ తరబడి పైనుంచి ఆ బలం అందుతుంటే, గాబాని అందుకునే గ్రాహకాలు స్పందించడం తగ్గించుకుంటాయి. మెదడుని రేపే గ్లూటమేట్ అనే రసాయనం వైపు జోరు పెరుగుతుంది. పూడిక తియ్యడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరు 1982 నుంచి 1994 దాకా ఈ జాతి బిళ్ళలు, అంటే బెంజోడయజెపైన్లు, మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపింది. ఎక్కువకాలం వాడినవాళ్ళలో నూటికి 10, 15 మందికి బాధలు నెలల తరబడి ఉండిపోతాయని ఆవిడ అంచనా వేసింది. 2020 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటి మీదా హెచ్చరికను కఠినం చేసింది. కొందరిలో బాధలు 12 నెలలు దాటి కూడా ఉండొచ్చన్నది ఇప్పుడు ఆ మందుల సమాచార పత్రంలోనే ఉంది. ఏడు నెలలు అందులో ఏమాత్రం వింత కాదు.

అర బిళ్ళ విషయం. ఒకటి వేస్తే ఆ రాత్రి అత్తయ్య హాయిగా పడుకుంటుంది, అందులో అబద్ధం లేదు. నాలుగో రోజున మళ్ళీ కావాలనిపిస్తుంది. ఇలా అప్పుడొకటి అప్పుడొకటి వేసుకునేవాళ్ళకి బావి పూడిక తియ్యడం మొదలైన చోటే ఆగిపోతుంది. మందులిచ్చే కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. "అది కాదులే, ఇది వేరే మందు" అని ఎటిజోలాం తెచ్చుకుంటారు, జోల్పిడెం తెచ్చుకుంటారు. పేర్లే వేరు, వెళ్ళి తట్టేది ఆ తలుపే. తాగే మందు కూడా ఆ తలుపే తడుతుంది, పెళ్ళిలో ఒక్క పెగ్గేగా అంటారు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, ప్రాణం తీసుకోవాలనిపించినా అది వేరే సంగతి. అప్పుడు ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. మళ్ళీ మొదలుపెట్టాలో లేదో డాక్టరు చూసుకుంటారు.

అసలు తెలియకుండా మింగేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రాంలో క్లోనజెపాం కలిపిన బిళ్ళ మన దగ్గర విరివిగా రాస్తారు. దడకి ఇచ్చే ప్రొప్రనొలాల్‌తో ఆల్ప్రజోలాం కలిపినవి ఉన్నాయి. కడుపు పట్టేస్తోందంటే ఇచ్చే ఒక రకం బిళ్ళలో క్లోర్‌డయజెపాక్సైడ్ ఉంటుంది. తింటున్నవాళ్ళు "నాకు గ్యాస్ బిళ్ళండీ" అంటారు. అట్ట వెనక అచ్చేసిన పేర్లు చదవండి. చివర "జెపాం", "జోలాం" అని ఉన్నా, ఈ క్లోర్‌డయజెపాక్సైడ్ పేరు ఉన్నా డాక్టరుని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలాం, డయజెపాం, క్లోర్‌డయజెపాక్సైడ్ అన్నీ హెచ్1 షెడ్యూల్లో, అంటే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉన్నాయి. ఎవరు రాశారో, ఎవరికిచ్చామో, ఎన్నిచ్చామో రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఆ రిజిస్టరు సరిగ్గా రాసే షాపు కనబడితే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

అత్తయ్యకి మొదట ఒక డాక్టరు "రోజు విడిచి రోజు వెయ్యండి, రెండు వారాల్లో ఆపెయ్యండి" అన్నాడు. ఆరో రోజుకి ఆవిడ గోడ పట్టుకుని నడిచింది. రోజు విడిచి రోజు వేస్తే ఒంట్లో మందు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, మెదడుకి రోజు మార్చి రోజు మానేసినట్టే. ఆల్ప్రజోలాంకైతే మరీనూ, అది 11 గంటలకే సగమైపోతుంది. తర్వాత చూసిన మానసిక వైద్యురాలు మళ్ళీ 0.5 మిల్లీగ్రాములకి తెచ్చి, నెల ఆగి, అక్కణ్ణుంచి దింపింది. అక్కడ ఒక లెక్క చాలామంది తప్పుతారు. 0.25 బిళ్ళని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క తగ్గిస్తూ పోతే 0.5 దగ్గర మొదటి మెట్టు పన్నెండున్నర శాతమే. 0.125 దగ్గరికొచ్చేసరికి అదే ముక్క సగం మందు అయిపోతుంది. "సగం దాకా బాగానే వచ్చాం, చివర్లోనే ఎందుకో" అనేది ఇందుకే. తగ్గించాల్సింది మొదటి డోసులో పదో వంతు కాదు, ఆ రోజు వేస్తున్న డోసులో పదో వంతు, అదీ రెండు నుంచి నాలుగు వారాలకోసారి. ముక్కలు కూడా సమానంగా రావు. మేం నగల తక్కెడ కొన్నాం, మిల్లీగ్రాము దాకా చూపించేది. బిళ్ళ 120 మిల్లీగ్రాములు తూగిందనుకోండి, అందులో మందు పావు మిల్లీగ్రామే, తక్కినదంతా పిండి. గోళ్ళ ఆకురాయితో గీకి 108కి తెస్తే పదిశాతం తగ్గినట్టు. నోట్లో కరిగే రకం దీనికి పనికిరాదు, ముట్టుకుంటేనే పొడైపోతుంది.

ఈ తక్కెడ చూసే రమ నవ్వింది అప్పట్లో.

నాకెందుకింత కోపం వస్తోందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. 2015 సెప్టెంబరు గుర్తొచ్చింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డ రోజులు. చెట్టు కల్లు కాదు అది. నీళ్ళలో డయజెపాం, ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన సరుకు. ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక నిలబడి చూశాను, ఆ కల్లు ఆగిపోయినవాళ్ళని. రెండో రోజు, మూడో రోజు నుంచి ఆటోల్లో దింపేవాళ్ళు. కండువాలతో చేతులు కట్టేసిన మగవాళ్ళు, గాల్లోంచి ఏదో ఏరుకుంటున్న ముసలివాళ్ళు, ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నవాళ్ళు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా ఉన్నారు, రాత్రి ఒక సీసా తాగితేగానీ నడుం వాలదనేవాళ్ళు. "దయ్యం సోకిందమ్మా" అంటూ వెంట వచ్చినవాళ్ళు ఏడ్చేవారు. డయజెపాం, లోరజెపాం ఇంజెక్షన్లు పడ్డాక చాలామంది వారంలో కుదుటపడి ఇంటికెళ్ళారు. పేపర్లలో కథ అక్కడితో అయిపోయింది.

నాకు మాత్రం ఒక ముసలావిడ గుర్తుండిపోయింది. దీపావళి దాటాక ఒకతే వచ్చింది. ముక్కుకి రెండు పక్కలా బేసరి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ చీటీ. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి ముంజేతి మీద చూపించింది: "గిక్కడ చీమలు పాకుతున్నయ్ బిడ్డా, తోమినా పోతలేవు. రాత్రంత చెవుల్ల మోత. కల్లు మానేసి రెండు నెలలాయె." చెయ్యి మీద చీమలు లేవు, గీరుకున్న గోటిగాట్లున్నాయి. లోపల డాక్టరు చీటీ మీద బలం బిళ్ళలు రాశాడు, నేను కట్టిచ్చాను. ఆవిడ జన్మలో నిద్ర బిళ్ళ మింగలేదు, కాబట్టి ఇది బిళ్ళ మానేసిన బాధ అని ఎవరికీ తోచలేదు, నాక్కూడా. కల్లు పేరుతో తాగింది అదే మందని కిటికీకి ఇవతల ఉన్న నాకు తెలుసు, అయినా రెండూ కలపలేదు. అత్తయ్య మొన్న మాఘమాసంలో ముంజెయ్యి గీరుకుంటూ అవే చీమల మాట అన్నప్పుడు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అందుకే ఎవరైనా "ఇంకా మాత్రేనా" అంటే ఊరుకోలేను.

ఇంతవరకూ రాసి, రమకి తేదీలతో సహా చూపిద్దామని అత్తయ్య నోట్‌బుక్ తెచ్చాను. ఆ పాత లెక్కల పుస్తకమే. రోజుకో గీత, చెవి, నిద్ర, దడ, అరికాళ్ళు, ఒక్కోదానికి సున్నా నుంచి పది మార్కులు.

చెవి మోత: మార్చిలో 8, 8, 7, తర్వాత ఐదు రోజులు 2, మళ్ళీ 9. ఏప్రిల్లో 3, మేలో మళ్ళీ 7. ఈ బాధ తీరే అంత, అలలా లేచి అలలా పడుతుంది, మధ్య మధ్య తెరిపి ఇస్తుంది. జూన్‌లో ఒక పదిరోజులు అన్నీ 9 ఉన్నాయి. అది విరేచనాలకి పక్క వీధి క్లినిక్‌లో ఆఫ్లోక్సాసిన్ ఇచ్చినప్పుడు, నేను ఊళ్ళో లేను. ఆ జాతి యాంటీబయాటిక్‌లు, సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ అన్నీ, గాబా పని చేసేచోటే అడ్డం పడగలవు, నొప్పి బిళ్ళలతో కలిస్తే ఇంకా ఎక్కువ. ఈ బిళ్ళలు మానేసినవాళ్ళు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఆ మాట ముందే చెప్పాలి. వేరే యాంటీబయాటిక్ దొరుకుతుంది, చాలా విరేచనాలకి ఓఆర్‌ఎస్ తప్ప ఏదీ అక్కర్లేదు.

అరికాళ్ళ గడిలోకి వచ్చేసరికి చెయ్యి ఆగింది. 3, 3, 4, 4, 4, 5. తెరిపి లేదు. ముగ్గు కుదిరిన ఇవాళ కూడా 6. ఏడు నెలల్లో ఒక్క రోజు తగ్గలేదు, మెల్లగా పెరుగుతూనే ఉంది. ఇది అల కాదు.

అత్తయ్య షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది, రోజుకి 1000 మిల్లీగ్రాములు, తొమ్మిదేళ్ళుగా. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. పైగా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. బి12 తగ్గితే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, తూలు, మతిమరుపు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా అంతే. ఇవన్నీ కౌంటర్ దగ్గర పదిమందికి చెప్తాను. ఇంట్లో మాత్రం చీమలు, మంట, మోత అన్నీ కలిపి ఒకే మూటలో కట్టేశాను. ఆ ముసలావిడ విషయంలో మందుని చూడలేదు, ఇక్కడ మందు తప్ప ఇంకేదీ చూడలేదు. రమ అడిగింది సరైన ప్రశ్నే. అర బిళ్ళ మాట మాత్రం తప్పే, అది వెనక్కి తీసుకోను.

నోట్‌బుక్ మీద కూడా నా మాట మార్చుకుంటున్నాను. రోజూ రాత్రి పడుకునే ముందు "చెవి ఎంతుంది" అని అడిగితే ఆవిడ చెవి పెట్టి వింటుంది. వినగానే అది పెద్దదవుతుంది. ఇకనుంచి ఆదివారం పొద్దున ఒక్కసారే రాస్తే చాలు. రాత్రికి ఫ్యాన్ రెండులో, రేడియో చిన్నగా. మోతని ముంచేసేంత కాదు, దాని పక్కన ఇంకో చప్పుడు ఉండేంత. ఒక్క చెవిలోనే వచ్చినా, నాడితో పాటు కొట్టుకున్నా చెవి డాక్టరుకి చూపించాలి, అత్తయ్యది రెండు చెవుల్లోనూ. మూడింటికి తెలివొస్తే గడియారం చూడకుండా లేచి వంటింట్లో చిన్న దీపం కింద కూర్చుంటుంది, కునుకొస్తేనే మంచం ఎక్కుతుంది, ఎన్ని గంటలకి పడుకున్నా ఐదున్నరకి లేస్తుంది. పగటి కాఫీ పదకొండుతో బంద్. ఇవేవీ మార్చక్కర్లేదు.

ఎల్లుండి శనివారం రక్తానికి తీసుకెళ్ళాలి. బి12, మూడు నెలల షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్. బి12 మాత్రలు ముందే మొదలుపెడితే అంకె పైకి చూపిస్తుంది, అందుకని అల్మారాలో ఉన్న సీసా రక్తం ఇచ్చేదాకా తియ్యను. రిపోర్టులో బి12 అంకె (pg/mL లెక్కన) 200 కంటే తక్కువొస్తే ఇంజెక్షన్లే అడగాలి. 200కీ 300కీ మధ్య వస్తే డాక్టరుతో మాట్లాడాలి, మంట ఉంది కాబట్టి ఊరుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఆపడం మాత్రం మా అంతట మేం చెయ్యం.

పొద్దున్నే రమకి ఫోన్ చేసి, శనివారం తననే తోడు రమ్మంటాను. ముగ్గు ఫోటో పంపడం మర్చిపోయాను, అదీ పంపాలి.