కారులో గటగట

మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "రెండే సీట్లా? మరి అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారండీ?" అంది. అప్పటికి నేను ఫోనులో ఫొటో మాత్రమే చూపిస్తున్నాను. 2011 నాటి పోర్షే కేమన్, ముదురు నీలం రంగు, బెంగళూరులో అమ్మకానికి ఉంది. జవాబు తోచక ఫోను జేబులో పెట్టుకున్నాను. కారు ఇంటికి వచ్చి రెండేళ్లు దాటింది, జవాబు మాత్రం ఇంకా దొరకలేదు. అమ్మను గుడికి తీసుకెళ్తే ఆవిడ ఇంట్లో ఉండాలి, ఆవిడను తీసుకెళ్తే అమ్మ అలుగుతుంది.

మాది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. నాన్న తర్వాత నేను. కాయలను నెలల తరబడి అటక మీద ఉంచితే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపడుతుంది. అదే కురిడీ. పగలగొట్టి చూసి కొనే సరుకు కాదది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, శబ్దం విని ధర కట్టాలి. నీళ్లు పలికితే ఇంకా అటక మీద ఉండాల్సిన కాయ. మొద్దుగా పలికితే లోపల కుళ్లు. మా మార్కెట్లో గటగట అని ఒక రకానికి పేరే ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న నాకు, పాత స్పోర్ట్స్ కారు కొనడం కొత్త విద్య అనిపించలేదు. తేడా ఒక్కటే. కురిడీలో గటగట ఉండాలి, కారులో ఉండకూడదు.

ఈ పిచ్చి ఎప్పటిదంటే 1996 నాటిది. ఆ ఏడే పోర్షే బాక్స్‌టర్ అనే రెండు సీట్ల కారు వచ్చింది. కాకినాడలో చదువుకుంటూ దాని బొమ్మను ఒక పత్రికలో చూసి, చింపి, పుస్తకంలో దాచుకున్నాను. నవంబరు 6న తుఫాను వచ్చింది. తెల్లారి మా తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దేశవాళీ చెట్టు కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లూ మా ఇంట్లో స్కూటర్ మాటే ఎవరూ ఎత్తలేదు, ఇక కారు మాట ఎందుకు. చదువు ఆపి కొట్లో కూర్చున్నాను. నలభై ఏడో ఏట, అమ్మాయి చదువు పూర్తయి బెంగళూరులో ఉద్యోగంలో చేరాక, ఆ పాత బొమ్మ మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది.

బాక్స్‌టర్ కాకుండా కేమన్ ఎందుకంటే, బాక్స్‌టర్ పైకప్పు బట్టది. కోనసీమ వానకు, మా వీధి కోతులకు బట్ట పైకప్పు ఏ మూలకూ రాదు. 2009 తర్వాతి బండి అయితేనే చూస్తానని ముందే గిరి గీసుకున్నాను. అంతకు ముందరి ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే లోపలి ఇరుసుకు ఒక బేరింగు ఉండేది. చూడటానికి అరచేతిలో ఇమిడేంత వస్తువు, విరిగితే మాత్రం ఇంజన్ మొత్తం పోయినట్టే. 2009లో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు. ఆరు సిలిండర్లు, 2.9 లీటర్లు, 265 గుర్రాల శక్తి. ఇంజన్ సీట్ల వెనకే, సరిగ్గా మన వీపు వెనక ఉంటుంది.

బెంగళూరులో మొదట చూసింది ఇది కాదు. ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర వేరే కంపెనీ కారు, ఎర్రనిది, అద్దంలా మెరుస్తోంది. ధర నేను అనుకున్నదానికంటే మూడు లక్షలు తక్కువ. అమ్మాయి అప్పటికే మనసు పారేసుకుంది. తలుపు తీయగానే గుప్పున అత్తరు వాసన. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మంచి సరుకుకు అంత వాసన కొట్టాల్సిన పని లేదు. డ్రైవరు సీటు బెల్టును పట్టుకుని చివరికంటా లాగాను. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు, కాబట్టి ఎవరూ అక్కడ కడగరు. ఆఖరి మూరెడు దగ్గర నల్లటి పట్టీ మీద అడ్డంగా లేత గోధుమ రంగు గీత ఉంది. గోరుతో గీకితే మెత్తటి పొడి రాలింది.

ఆ గీతను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగినప్పుడు నాకు పదేళ్లు. మా అమ్మమ్మగారిది లంక గ్రామం. నీళ్లు తీశాక వాళ్ల ఇంట్లో దీపపు గూటికి జానెడు పైన, నాలుగు గోడల చుట్టూ తాడు కట్టి గీసినట్టు ఒకే ఎత్తున ఒండ్రు గీత మిగిలింది. ఏటా ఇంటికి సున్నం వేయించినా, గూడు పక్కన మూరెడు మేర ఆ గీతను చెరపనివ్వలేదు తాతయ్య. పండక్కి వెళ్లినప్పుడల్లా పిల్లలం దాని పక్కన నిలబడి ఎత్తు కొలుచుకునేవాళ్లం.

"కాఫీ ఒలికింది సార్" అన్నాడు వ్యాపారి.

పక్క సీటు బెల్టు కూడా లాగాను. అదే గీత, అదే ఎత్తు. కాఫీ రెండు బెల్టుల మీద ఒకే మట్టంలో ఒలకదు కదా. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఐటీ కాలనీల్లో ఖరీదైన కార్లు నీళ్లలో మునిగి ఉన్న ఫొటోలు అందరమూ చూశాం. అవన్నీ తర్వాత ఏమయ్యాయో నాకు ఆ రోజు కొంత అర్థమైంది. మునిగిన కారు కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. వైర్ల కీళ్లలో చేరిన తడి తీరిగ్గా చిలుము పట్టిస్తూ పోతుంది. ఈరోజు అద్దం దిగదు, రేపు లైటు వెలగదు, ఎల్లుండి బండి కదలదు.

రెండోది కేమనే. మీటరు 21,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ఈసారి అమ్మాయి వెతికి పెట్టిన మెకానిక్కును వెంట తీసుకెళ్లాను. కుర్రాడే కానీ పనిమంతుడు. చిన్న కంప్యూటర్‌ను కారుకు తగిలించి, ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో తీశాడు. ట్రాక్టరుకు గంటల మీటరు ఉంటుందని మన వైపు అందరికీ తెలుసు. ఈ కార్లలోనూ ఆ లెక్క ఉంటుంది, కాకపోతే లోపల దాక్కుని ఉంటుంది. 2,300 గంటలు అని వచ్చింది. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే గంటకు తొమ్మిది. నేను సైకిలు మీద అంతకంటే వేగంగా వెళ్తాను. బెంగళూరు ట్రాఫిక్ ఎంత గొప్పదైనా పదేళ్ల సగటు తొమ్మిది రాదు. మీటరును ఎవరో వెనక్కి తిప్పారు. ఆ మాట అనకుండా, టీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాం.

మూడోది మా కారు. యజమాని వయసు మళ్లిన వైద్యుడు. నేను ఫోనులో ఒకటే అడిగాను. "ఉదయం ఆరింటికి వస్తాను డాక్టరుగారూ, నేను వచ్చేదాకా దయచేసి బండి స్టార్ట్ చేయకండి." వేడెక్కిన ఇంజన్ సగం రోగాలు దాచేస్తుంది. వెళ్లగానే సైలెన్సర్ గొట్టం మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. తాళం తిప్పమని చెప్పి నేను వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాను. డాక్టరుగారు నన్ను కొంచెం వింతగా చూశారు. మొదటి నిమిషం గట్టిగా, కోపంగా అరిచింది. తర్వాత ఒక్కసారిగా గొంతు దించి, దూరంగా మిల్లు ఆడుతున్నట్టు సమంగా సాగింది. కళ్లు మూసుకుని విన్నాను. ఎక్కడా టకటక లేదు, పొగ లేదు.

కంప్యూటర్ లెక్క: 41,000 కిలోమీటర్లు, 1,310 గంటలు. సగటు 31. అది నమ్మదగ్గ అంకె. ఇంజన్‌ను దాని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో కూడా ఆరు మెట్లుగా అందులో నమోదై ఉంటుంది. పై మూడు మెట్లలో సున్నా. చాసిస్ నంబరులో పదో అక్షరం బి, అంటే 2011 మోడలే. సర్వీసు బిల్లులన్నీ తేదీల వరుసలో కుట్టి ఉన్నాయి, కరోనా కాలంలో మాత్రం ఖాళీ.

నాకు బేరానికి దొరికిన పట్టు టైర్లు. చూడటానికి కొత్తవి, గాడులు లోతుగా ఉన్నాయి. టైరు పక్కన చిన్న అండాకారంలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 1214 అని ఉంది. 2014లో పన్నెండో వారం. తొమ్మిదేళ్ల రబ్బరు, గోరు దిగడం లేదు. ఇలాంటి బండికి అలాంటి టైర్లు వేసుకుని తిరగడం, ఎండిన మట్ట పట్టుకుని చెట్టెక్కడం లాంటిది. పైగా ముందు టైర్ల కొలత వేరు, వెనక టైర్ల కొలత వేరు, నాలుగూ మార్చాల్సిందే. డాక్టరుగారు 27 లక్షలు అన్నారు. నేను టైర్లు చూపించి 23 అన్నాను. 24 దగ్గర కాఫీ వచ్చింది.

కాగితాల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. డాక్టరుగారు అప్పు ఎప్పుడో తీర్చేసినా, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. దాన్ని తీయించడానికి ఫారం 35, రాష్ట్రం దాటించడానికి ఫారం 28, పేరు మార్పిడికి 29, 30. ఆ బ్యాంకు ఒక్క సంతకానికి మూడు వారాలు తిప్పింది. కర్ణాటకలో జీవితకాల పన్ను కట్టిన బండే అయినా ఇక్కడ మళ్లీ కట్టాలి. ధరలో ఈ ఖర్చును ముందే కలుపుకుని బేరం ఆడాలని నేను తర్వాత తెలుసుకున్నాను. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండేది 2026లో, అప్పుడు మళ్లీ ఒక యాత్ర.

కొత్త టైర్లు వేయించి బయలుదేరాను. చిత్తూరు, తిరుపతి దాటి నెల్లూరులో రాత్రి పడక. మర్నాడు ఒంగోలు, విజయవాడ, ఏలూరు, తణుకు. ఈ బండి గంటకు 265 కిలోమీటర్లు పోగలదట. నేను తొంభై దాటలేదు, దాటాలనీ అనిపించలేదు. సిద్ధాంతం అనే ఊరి దగ్గర వంతెన మీద గోదావరి పాయ వసిష్ఠను దాటుతుండగా ముందు ఎవరూ లేరని రెండో గేరులో ఒకసారి తొక్కాను. నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటాక ఇంజన్ గొంతు మారింది. వీపులోంచి పైకి పాకింది ఆ శబ్దం. ముందు లారీ కనిపించగానే కాలు తీసేశాను. మొత్తం ఏడెనిమిది సెకన్లు. ఇరవై ఏడేళ్లు, ఇరవై నాలుగు లక్షలు దానికోసమేనా అంటే, దానికోసమే.

రావులపాలెంలో హైవే దిగాక అసలు పరీక్ష మొదలైంది. రోడ్డుకు ఒక పక్క అంతా ధాన్యం ఆరబోశారు. ముందు గడ్డి ట్రాక్టరు, దాని ముందు గేదెలు. అంబాజీపేట దాకా స్పీడ్ బ్రేకర్లు పంతొమ్మిది, లెక్కపెట్టాను. ఈ కారు కడుపు నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉంటుంది. ఎదురుగా ఎక్కితే పొట్ట గీసుకుంటుంది, అందుకని ఒక్కో చక్రం ఎక్కేలా ఏటవాలుగా పోవాలి. వెనక మోటారు సైకిళ్లవాళ్లు నాకు డ్రైవింగ్ రాదనుకున్నారు. మా గేటు దగ్గర గట్టు ఎక్కలేకపోతే కొట్లోంచి నాలుగు బుట్టల కొబ్బరి డొక్కలు, అంటే పీచు తొక్కలు, తెప్పించి పరిపించాను. ఆ వాలు ఇప్పటికీ డొక్కలదే. నెలకోసారి కొత్తవి పోస్తాం.

కేమన్ అంటే మొసలి జాతి జంతువని మార్కెట్లో ఎవరో ఫోనులో చూసి చెప్పేశారు. ఆ రోజు నుంచి "మొసలి ఎలా ఉందండీ?" అనే పలకరింపు.

అయినవిల్లి వినాయకుడి గుడిలో పూజ చేయించాం. పూజారిగారు అలవాటుగా ముందు మూత మీద పసుపుతో స్వస్తిక్ వేస్తుంటే, ఇంజన్ అక్కడ లేదండీ అన్నాను. ఆయన వెనక్కి వచ్చారు. వెనకా డిక్కీయే. ఇంజన్ కనిపించే దారే లేదు, దాని జాడ అంటే డిక్కీ అంచున ఉన్న రెండు మూతలు, ఒకటి నూనెకు, ఒకటి నీళ్లకు. నూనె చూసుకునే పుల్ల కూడా ఉండదు, ఎంత ఉందో మీటర్ల పక్కన తెర మీద చూసుకోవాలి. అమ్మ వంగి నూనె మూతకు బొట్టు పెట్టింది. ఆ కుంకుమ మరక ఇప్పటికీ ఉంది, నేను తుడవలేదు.

రెండు నెలలకు ఒక రోజు కొట్టు ముందు కారు ఆపి, ఇంజన్ ఆపకుండా ఫోను మాట్లాడుతున్నాను. కురిడీ కాయలు ఏరుతున్న పెద్దాయన రాశి దగ్గర నుంచి లేచి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, నాన్న రోజుల నుంచి మా దగ్గరే. చేతిలో కాయ అలాగే ఉంది.

"బాబుగారూ, ఎడమ పక్క గటగట ఉందండి."

నాకేమీ వినిపించలేదు. మెకానిక్కును పిలిపించి, బండిని పైకి లేపి చూస్తే, సైలెన్సర్‌కు పైనున్న పలుచని రేకు ఒక మూల ఊగుతోంది. బోల్టు ఎక్కడో స్పీడ్ బ్రేకర్ దగ్గర రాలిపోయి ఉంటుంది. పది రూపాయల బోల్టు, కింద వెడల్పాటి వాషరు. మళ్లీ స్టార్ట్ చేశాను. పెద్దాయన వెనక చక్రం పక్కన, నేను బెంగళూరులో కూర్చున్నట్టే కూర్చుని, తల వంచి కాసేపు విన్నారు.

"ఇప్పుడు కొత్త కాయండి" అని లేచి, రాశి దగ్గరకు వెళ్లిపోయారు.