ఓడకు గీత పెట్టించిన ఎంపీ

ఓడ పక్కన గుండ్రటి సున్నా, దాని మధ్యలోంచి అడ్డంగా ఒక గీత. దాన్ని ప్లిమ్‌సోల్ మార్క్ అంటాం. సరుకు నింపేకొద్దీ ఓడ నీళ్లలోకి ఎంతదాకా దిగొచ్చో చెప్పే గుర్తు అది. మర్చంట్ నేవీలో నా సర్వీసంతా ఆ గీత మునగకుండా చూడటంతోనే గడిచింది. ప్లిమ్‌సోల్ ఎవరంటే మాత్రం మావాళ్లు చాలామంది ఎవరో నావికుడు అంటారు. కాదు, బొగ్గు వ్యాపారి.

శామ్యూల్ ప్లిమ్‌సోల్ 1824లో బ్రిస్టల్‌లో పుట్టాడు. షెఫీల్డ్‌లో బీరు తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా చేశాడు. లండన్‌లో బొగ్గు వ్యాపారం పెట్టి చితికిపోయి, కొన్నాళ్లు కూలీలుండే చవక బసలో తలదాచుకున్నాడు. తర్వాత బాగానే సంపాదించి 1868లో డెర్బీ నుంచి లిబరల్ ఎంపీ అయ్యాడు.

అప్పట్లో కొందరు యజమానులు పాత ఓడకు భారీగా ఇన్సూరెన్స్ చేయించి, మోయలేనంత సరుకు నింపి పంపేవాళ్లు. మునిగినా వాళ్లకు నష్టం లేదు. పనికి ఒప్పుకుని సంతకం పెట్టిన నావికుడు ఓడ పరిస్థితి చూసి ఎక్కనంటే జైలు! చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

దీన్ని ఆపాలని ప్లిమ్‌సోల్ పట్టుబట్టాడు. 1875 జూలై 22న బ్రిటన్ ప్రధాని డిజ్రేలీ, నావికుల భద్రత కోసం తెచ్చిన ఓడల బిల్లును ఇప్పటికి వదిలేస్తున్నామన్నాడు. ప్లిమ్‌సోల్ సభలోనే పిడికిలి ఊపుతూ దుర్మార్గులంటూ అరిచాడు. మాట వెనక్కి తీసుకోమని స్పీకర్ చెప్పినా వినలేదు. వారానికి క్షమాపణ చెప్పాడు గానీ, ఈలోపు జనం ఆయన పక్షం చేరారు. ప్రభుత్వం హడావుడిగా తాత్కాలిక చట్టం తెచ్చింది, 1876లో అసలుది.

అందులో గీత తప్పనిసరి. ఎక్కడ గీయాలన్నది మాత్రం యజమాని ఇష్టం! విశాఖలో లోడింగ్ చివర్లో షిప్పర్ (సరుకు పంపే వ్యాపారి) మనిషి వచ్చి “సార్, ఇంకో రెండొందల టన్నులు పట్టవా?” అని బతిమాలేవాడు. ఆ గీత జరిపే అధికారం అతని చేతిలో ఉంటే ఏమయ్యేదో ఊహించగలను. ఇప్పుడు సీజన్ కూడా లెక్కే, సున్నా పక్కనే సీజన్‌ను బట్టి వేర్వేరు గీతలుంటాయి. బంగాళాఖాతంలో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ‘టి’ (ట్రాపికల్) గీత వరకు నింపొచ్చు, మే నుంచి నవంబర్ దాకా దానికంటే కిందున్న ‘ఎస్’ (సమ్మర్) గీతే హద్దు.

గీత ఎక్కడుండాలో ప్రభుత్వం తేల్చింది 1890లో. అప్పటికి ప్లిమ్‌సోల్ ఎంపీ కాదు. 1880లో మళ్లీ గెలిచి కూడా, ఆక్స్‌ఫర్డ్‌లో ఓడిన హోం మంత్రి హార్కోర్ట్ కోసం సీటు వదిలేశాడు. మంత్రైతే నావికులకు ఎక్కువ చేస్తాడని ఆశ. నన్నడిగితే, అంత అరిచినవాడు ఆ కుర్చీ వదలకుండా ఉండాల్సింది.