అడవిలో కట్టెలు కొన్నాం

కాలిఫోర్నియాలో ఫైఫర్ బిగ్ సర్ పార్కులో టెంటు వేసుకోవాలంటే ఆరు నెలల ముందు, పొద్దున 8 గంటలకల్లా కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అచ్చం తత్కాల్ టెన్షనే. మాకు మాత్రం ఎవరో వదులుకున్న చోటు చివర్లో దొరికింది, అదీ ఏటి ఒడ్డున. ఒడ్డున కాబట్టి రేటు ఎక్కువ. కొవ్వూరు నుంచి వచ్చిన నాన్నకి ఆ రేటు చెప్పడం నా తప్పే.

"నేల మీద పడుకోవడానికి డబ్బులా? ఇన్నేళ్ళు మంచె మీద పడుకుని మొక్కజొన్న చేను కాశాను, నా బాకీ ఎవరిస్తార్రా?"

దారిలో బిక్స్‌బీ వంతెన దగ్గర అందరిలాగే ఆగాం. 1932లో కట్టారని చెప్తే, మన గోదావరి మీది హేవలాక్ వంతెన 1900 నాటిదని గుర్తుచేసి కారెక్కేశారు. ఇక ఏరు చూశాక అసలు మాటే లేదు. వేసవి కదా, మోకాలి లోతు నీళ్ళు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి దాన్ని నది అని చూపించడానికి నాకే మొహమాటమేసింది.

నీడకి మాత్రం పడిపోయారు. రెడ్‌వుడ్ చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలాగే ఉంది. కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి కాసేపటికి కనిపించలేదు. చూస్తే, ఏటి పక్కన వంగి ఎండుపుల్లలు ఏరుతున్నారు!

క్యాంపు చూసుకునే పెద్దావిడ రానే వచ్చింది. నవ్వుతూనే చెప్పింది: రాలిన కొమ్మ కూడా తియ్యకూడదు, అది కుళ్ళి ఈ మట్టికే చేరాలి. పోనీ ఊరినుంచి కట్టెలు తెచ్చుకోవచ్చా అంటే, అదీ వద్దట. సడన్ ఓక్ డెత్ అనే తెగులు ఈ కొండల్లో ఎన్నో చెట్లని చంపిందనీ, కట్టెలతో పాటు తెగుళ్ళూ పురుగులూ ఊళ్ళు మారతాయనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పేసరికి నాన్న ఏరిన పుల్లలన్నీ మళ్ళీ చెట్ల కింద చల్లేశారు.

"తెగులు పట్టిన మడిలోంచి నారు తెచ్చుకుంటామా? ఆవిడ చెప్పింది సబబే."

కొట్లో కట్టెల మోపు 12 డాలర్లు. మోపంటే మోపు కాదు, చంకలో పట్టే ఆరేడు పేళ్ళు. వెయ్యి రూపాయలని నేను చెప్పలేదు, ఆయనే లెక్కేసుకున్నారు. పైగా మంచుకి చెమ్మగిల్లి ఉన్నాయి. నేను అరగంట ఊదాను, పొగ తప్ప ఏమీ రాలేదు. నాన్న నా చేతిలో చాకు లాక్కుని, ఒక పేడుని సన్నగా చీల్చి, గాలికి అడ్డంగా కూర్చుని ఒక్క పుల్లతో రాజేశారు.

నిప్పుల మీద పొత్తులు కాల్చుకున్నాం. ఇంట్లోంచి తెచ్చిన పులిహోర మీద ధ్యాసే లేదు. మంచె, డబ్బా వాయింపు, పందుల మంద అన్నీ బయటికొచ్చాయి. పందుల్ని ఎలా అదిలించేవారో చూపిస్తూ లేచి నిలబడి "హోయ్!" అని ఒక్క కేక పెట్టారు. 10 దాటితే చప్పుడు చెయ్యకూడదు, అప్పటికి పదిన్నర. పక్క టెంటులోంచి టార్చి లైటు మా మీద పడింది. నాన్న చటుక్కున కూర్చుని, ఏమీ ఎరగనట్టు పొత్తు తిప్పుతున్నారు.

అక్కడ మా ఫోన్లకి సిగ్నల్ లేదు. మర్నాడు కార్మెల్ దగ్గరికి రాగానే అమ్మకి వీడియో కాల్ కలిపాను. సముద్రం చెప్తారా, అంతెత్తు చెట్లు చెప్తారా అని చూస్తున్నాను.

"ఇదిగో విన్నావా, అడవిలో కూర్చుని కట్టెలు కొన్నామే!"