ఆల్డ్‌విచ్ స్టేషన్ మోడల్: సొరంగాలు అయ్యాయి, లిఫ్టు బావుల పని నడుస్తోంది

లండన్‌లో 1994లో మూతపడ్డ ఆల్డ్‌విచ్ అండర్‌గ్రౌండ్ స్టేషన్‌ని నిలువుగా కోసి చూపించినట్టు 1:76 స్కేలులో కడుతున్నాను. పైన వీధి వైపు ముఖభాగం, మధ్యలో లిఫ్టు బావులు, అడుగున రెండు ప్లాట్‌ఫారాలు. సొరంగాలు పూర్తయ్యాయి కాబట్టి ముందు వాటి సంగతి.

1900ల మొదట్లో కట్టిన లండన్ ట్యూబ్ (లోతైన భూగర్భ రైలు) లైన్లలో స్టేషన్ సొరంగం లోపలి వ్యాసం 21 అడుగుల 2½ అంగుళాలు, రైలు మాత్రమే వెళ్లేది 11 అడుగుల 8¼ అంగుళాలు. స్కేలుకి దించితే సుమారు 85 మి.మీ., 47 మి.మీ. వస్తాయి. 90 మి.మీ., 50 మి.మీ. పీవీసీ పైపులు వీటికి చక్కగా సరిపోతాయి, కాకపోతే గోడ పల్చగా ఉన్న రకమే తీసుకోవాలి, మందం పెరిగితే లోపలి కొలత తగ్గిపోతుంది. పైపుని పొడవునా కోయడానికి తిన్నగా గీత కావాలంటే దాన్ని కదలకుండా బల్లకి బిగించి, పక్కన చదునైన చెక్కముక్క మీద మార్కర్ ఆనించి లాగండి. లోపలివైపు గరుకు కాగితంతో బాగా రుద్దకపోతే రంగు పెచ్చులుగా ఊడొస్తుంది.

ఈ స్టేషన్ మీద నాకింత ఇష్టం ఎందుకంటే, ఇది అసలు పూర్తికాలేదు. ఉత్తర లండన్‌లోని ఉడ్ గ్రీన్ నుంచి మధ్య లండన్‌లోని స్ట్రాండ్ వీధి దాకా లైను వేద్దామని ఒక కంపెనీ 1899లో అనుమతి తెచ్చుకుంది. తర్వాత ఆ పథకం పికడిల్లీ వైపు వెళ్లే మరో లైనుతో కలిసిపోయింది, ప్రధాన మార్గం హోబర్న్ దగ్గర అటు తిరిగింది, చివరి ముక్క మాత్రం చిన్న శాఖగా మిగిలిపోయింది. రాయల్ స్ట్రాండ్ థియేటర్ ఉన్న స్థలంలో స్టేషన్ కట్టి 1907 నవంబర్ 30న తెరిచారు. ఆరు లిఫ్టులకి సరిపడా మూడు బావులు తవ్వారు, కానీ ఒక్క బావిలోనే రెండు లిఫ్టులు బిగించారు, మిగతావి మొదటి నుంచీ ఖాళీయే. 1914లో తూర్పు ప్లాట్‌ఫారం కూడా వాడటం మానేశారు.

అందుకే నా మోడల్‌లో ఆ రెండు బావుల్నీ ఖాళీగానే వదిలేస్తున్నాను. బావి వ్యాసం 23 అడుగులు, అంటే 92 మి.మీ. దీనికి సరైన పైపు లేదు, పల్చటి కార్డుబోర్డుని తడిపి గుండ్రటి అచ్చు చుట్టూ మూడు పొరలుగా అతికించి, రబ్బరు బ్యాండ్లు వేసి పూర్తిగా ఆరనిస్తున్నాను, తొందరపడి తీస్తే కోడిగుడ్డు ఆకారంలోకి వంగుతుంది. అసలు బావి గోడలోని ఇనుప రింగుల అతుకుల్ని చూపించడానికి లోపల సన్నటి కార్డు పట్టీలు అంటిస్తున్నాను. అందంగా ఉండాలని అక్కడ లిఫ్టు పెట్టేస్తే స్టేషన్ కథే తప్పుగా చెప్పినట్టవుతుంది.

ప్లాట్‌ఫారం గోడలకి క్రీమ్, ముదురు ఆకుపచ్చ టైల్స్. ఈ స్కేలులో ఒక్కోటి కోసి అతికించడం కుదరదు, మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీసి, పైన గ్లోస్ వార్నిష్ పూస్తే మెరుపు వస్తుంది. తూర్పు ప్లాట్‌ఫారం గోడ మాత్రం వేరు, వేరే స్టేషన్లకి అనుకున్న టైల్ డిజైన్లని తర్వాతి కాలంలో అక్కడే అతికించి చూసేవారు, కాబట్టి అతుకులు అతుకులుగా చేశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917–18లో నేషనల్ గ్యాలరీ చిత్రాల్ని దాచిందీ ఆ ప్లాట్‌ఫారం మీదే. రెండో యుద్ధంలో జనం తలదాచుకున్నారు, బ్రిటిష్ మ్యూజియం వస్తువులు సొరంగంలో ఉంచారు. ఇవన్నీ పెడితే గందరగోళం అవుతుంది, రెండు చెక్కపెట్టెలతో సరిపెట్టాను.

ముఖభాగం వాస్తుశిల్పి లెస్లీ గ్రీన్ డిజైన్, ఎద్దురక్తపు ఎరుపు మెరుపు పలకలు. నల్ల ప్రైమర్, పల్చగా రెండు పూతల మెరూన్ యాక్రిలిక్, అతుకుల్లో నీళ్లలా పల్చబరిచిన ముదురు గోధుమ రంగు, చివర గ్లోస్ వార్నిష్. పేరు దగ్గర కొంచెం ఆలోచించాను. 1915లో దీని పేరు స్ట్రాండ్ నుంచి ఆల్డ్‌విచ్‌గా మార్చి, ఆ పాత పేరు దగ్గర్లోని చేరింగ్ క్రాస్ స్టేషన్‌కి ఇచ్చారు. కానీ ఇప్పుడు గోడ మీద కనిపించేది పాత ‘స్ట్రాండ్ స్టేషన్’ అక్షరాలే, నేనూ అవే పెడుతున్నాను.

మిగిలింది పనిచేసిన ఆ జంట లిఫ్టు. 1907 నాటి లిఫ్టులే చివరిదాకా నడిచాయి, వాటిని మార్చడానికి దాదాపు 30 లక్షల పౌండ్లు అవుతాయని, రోజుకి సుమారు 450 మంది ప్రయాణికులకి అంత పెట్టలేమని 1994 సెప్టెంబర్ 30న స్టేషన్ మూసేశారు. ఒకే గుండ్రటి బావిలో రెండు పెట్టెలు పట్టేలా వాటి అడుగు ట్రెపీజియం ఆకారంలో ఉంటుంది, దానికి టెంప్లేట్ గీస్తున్నాను. గ్రిల్ తలుపులకి 0.3 మి.మీ. రాగి తీగ వాడదామనుకుంటున్నా. ఇంతకంటే నిటారుగా నిలిచేదేమైనా మీకు తెలిస్తే చెప్పండి.