మోచే తల కూజా: గొట్టం కాలి దగ్గర మళ్ళీ పగులు

మళ్ళీ అక్కడే పగిలింది! ముఖం మాత్రం అచ్చులోంచి చక్కగా ఊడొచ్చింది, పై పెదవి మీది గాటుతో సహా. బాధంతా నెత్తిమీది గొట్టంతోనే.

పెరూ ఉత్తర తీరపు ప్రాచీన మోచే కుమ్మరులు మనిషి తల ఆకారంలో చేసిన కూజాలకు రెండు కాళ్ల గొట్టం విల్లులా వంగి, పైన ఒకే మూతిగా కలుస్తుంది. ఈ మూతి తీరును బట్టే పురావస్తు పరిశోధకుడు రఫాయెల్ లార్కో 1948లో మోచే కుండలను ఐదు దశలుగా విడదీశాడు. అందుకని మూతి వదిలేసి ముఖమొక్కటే చేస్తే నాకు తృప్తి ఉండదు.

గొట్టం బయటి వ్యాసం 22 మి.మీ., గోడ 4. తల గోడ 7. కాళ్ల మధ్య దూరం 80 మి.మీ. మర్నాడు పొద్దున ఎడమ కాలి బయటివైపు వెంట్రుకవాసి గీత కనిపించింది. సాయంత్రానికి 1.5 మి.మీ. వెడల్పు, 30 పొడవు. కుడి కాలికి ఏమీ కాలేదు. ఫ్యాన్ గాలేమోనని ఈసారి కూజాను అటు తిప్పి పెట్టాను, అయినా ఎడమ కాలే. చివర్లో అతికేది అదే కాబట్టి లాగుడంతా అక్కడికే చేరుతోందేమో.

లెక్క చూస్తే, ఈ మట్టి ఆరేసరికి 8 శాతం కుంచించుకుపోతుంది. గొట్టం అతికే వేళకే తల 3 శాతం తగ్గిపోయి ఉంటుంది. 80 మీద ఆ తేడా 2.4 మి.మీ. అది ఎక్కడో ఒకచోట బయటపడాల్సిందే కదా. పెంకుల పొడి 15 శాతం కలిపితే కుంచింపు 6.5కి దిగింది, పగులు సన్నబడింది, పోలేదు. వెనిగర్ పూసి అతికితే చాలంటారు. మామూలు మట్టి నీళ్లకూ దానికీ నాకైతే తేడా కనిపించలేదు. ప్యాకెట్లలో అమ్మే రెడీమేడ్ టెర్రకోట మట్టి అయితే ఈ పనికి దండగ, మరీ నున్నన.

నా అనుమానమంతా ఇప్పుడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు మీదే. తడిని గబగబా పీల్చేస్తుంది. మోచేవాళ్లవి కాల్చిన మట్టి అచ్చులు, రెండు ముక్కలవి. అలాంటిది ఒకటి చేసి, తల ఇంకా మెత్తగా ఉండగానే గొట్టం పెట్టి, కాళ్ల చుట్టూ తడిగుడ్డ, పైన పాలిథిన్ కవర్ కప్పి వారం ఆరనిస్తాను. ఎడమ కాలు ముందు అతుకుతాను, పగులు కుడివైపుకు మారుతుందేమో తేలిపోతుంది.

ఇది కుదిరితే తర్వాత చిమూ వాళ్ల (మోచేల తర్వాత అదే తీరంలో ఉన్నవాళ్లు) నల్ల కూజా. పొగ బయటికి పోకుండా మూసి కాల్చాలి. మేడ మీద ఆ పొగంటే పక్కింటివాళ్లు ఊరుకోరు, ఊరి బయట చోటు చూసుకోవాలి.