జనగామ నుంచి ఎర్రగడ్డకు టికెట్టు

క్లాసులో అల్లరి చేస్తే "మిమ్మల్ని ఎర్రగడ్డలో వెయ్యాలిరా" అని తిట్టేదాన్ని. ఒక చిన్న ప్రైవేటు బడిలో పదకొండేళ్లు ఇంగ్లిష్, సోషల్ చెప్పాను. ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు. పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. 2021 నవంబర్‌లో ఒక పొద్దున అదే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, ఓపీ చీటీ పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ నవ్వే.

ఇప్పుడు బాగున్నాను. ఇన్నాళ్లు రాయకపోవడానికి సిగ్గు ఒక కారణం, కోపం ఇంకో కారణం. కోపం తగ్గిందనుకునే మొదలుపెట్టాను, చూద్దాం.

మాది జనగామ దగ్గర పల్లె. మా ఆయన ఆటో నడుపుతాడు. 2020 మార్చిలో బడులు మూసేశాక నా జీతం ఆగిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఇచ్చింది కూడా. బియ్యం కోసం రేషన్ షాపు దగ్గర నిలబడితే, నా దగ్గర చదివిన పిల్లాడి తల్లి నా ముందుంది. "మీరు గూడ వచ్చిండ్రా టీచరమ్మా?" అని పలకరించింది. ఎగతాళి ఏమీ లేదు, మామూలుగానే అడిగింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

తర్వాత ఊళ్లో బడులన్నీ తెరిచారు, మాది తెరవలేదు. కరస్పాండెంట్ బస్సులు అమ్మేసుకున్నాడు. అప్పటినుంచి నాకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, మళ్లీ పట్టేది కాదు. పోపు వేస్తే వాసన తెలిసేది కాదు. స్నానానికి వెళ్లి బకెట్టు ముందు కూర్చుంటే చెంబు ముంచడానికి చెయ్యి లేచేది కాదు, అరగంట అలాగే ఉండేదాన్ని. ఏడుపు మాత్రం రాలేదు. ఏడ్చి ఉంటే ఇంట్లోవాళ్లు ఏదో బాధ అనుకునేవాళ్లేమో. ఏడవలేదు కాబట్టి బద్ధకం అనుకున్నారు.

ఆర్‌ఎంపీ డాక్టర్ రక్తం తక్కువుందని నాలుగు సెలైన్లు ఎక్కించాడు. తగ్గకపోతే టౌన్‌లో పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లాం. 400 రూపాయలు ఫీజు. ఆయన నాడి చూశాడు, బీపీ చూశాడు, నా మొహం మాత్రం చూడలేదు. మా ఆయనతో అన్నాడు: "రోగం లేదు, ఏం లేదు. పనిలేక కూసుంటే ఇట్లనే ఉంటది. ఏదన్న పనిల పెట్టు." ఉన్న పని పోయి, పనికోసం నాలుగు బడుల గడప తొక్కి వచ్చినదాన్ని నేను. ఆ సంగతి ఆయనకు తెలియదు, అడగలేదు కూడా. ఎన్నో మాటలు మర్చిపోయాను గానీ ఈ ఒక్కటి పోలేదు. ఇప్పటికీ గిన్నెలు తోముతుంటే చెవిలో పడుతుంది. ఆ డాక్టర్‌కు చెప్పాలనుకున్న జవాబులు నా దగ్గర ఇరవై దాకా ఉన్నాయి.

ఇక ఆ రాత్రి సంగతి. అక్టోబర్. వరుసగా నాలుగో రాత్రి కంటిమీద కునుకు లేదు. "నేను లేకపోతే వీళ్లు సుఖపడతారు" అనే మాట చాలా రోజులుగా మనసులో మెదులుతూనే ఉంది, ఆ రాత్రి అది లెక్కల పుస్తకం చివర జవాబులా వచ్చి కూర్చుంది. కూడికలు, తీసివేతలు అన్నీ సరిపోయాయి. భయం వేయలేదు. భయం వేయకపోవడం ఎంత భయంకరమో ఇప్పుడు తెలుస్తోంది. లేచి తలుపు గడియ తీశాను. ఎక్కడికి పోదామనుకున్నానో రాయను. అరుగుమీద పడుకున్న కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. ఒక కాలు గడప దాటింది.

లోపల్నుంచి మా పెద్దది, పదేళ్ల పిల్ల, కళ్లు తెరవకుండానే అంది: "అమ్మా, తలుపెయ్యే. దోమలొస్తున్నయ్."

వేశాను. తలుపెయ్యమంటే వేశాను, అంతే. ఆ పిల్లకు ఏమీ తెలియదు, నిద్రమత్తులో దోమల గురించే అంది. గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కింద కూర్చున్నాను. చేతులు వణకడం అప్పుడు మొదలైంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తర్వాత మా ఆయన్ని లేపి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. బయటికి వెళ్లి, ఇంకా చీకటిగా ఉండగానే, ఆటోను నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాడు. తెల్లారేదాకా కడుగుతూనే ఉన్నాడు.

మా బావగారు వచ్చి "బయట చెప్పకుండ్రి, పోలీస్ కేసైతది" అన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఊరంతా అలాగే అనుకుంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉందనీ, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకుండా ప్రభుత్వమే వైద్యం చూడాలనీ అందులో 115వ సెక్షన్ ఉందనీ నాకు చాలా తర్వాత తెలిసింది. పదకొండేళ్లు సోషల్ చెప్పినదాన్ని, నాకే తెలియదు.

మా అత్తమ్మ గాలి సోకిందంది. మూడు మంగళవారాలు ఒక గుడి దగ్గర నిద్ర చేయించింది. ఆ గుడిమీద నాకు కోపం లేదు, నిజం చెప్పాలంటే కాస్త కన్ను మూతపడింది అక్కడే. కోపమంతా పోయిన ఆ మూడు వారాల మీద. అయితే ఆ మూడు వారాలూ అత్తమ్మ ప్రతి రాత్రి తన చీర కొంగును నా కొంగుకు ముడేసి పడుకుంది. నేను పక్కకు తిరిగితే చాలు, ఆమెకు మెలకువ వచ్చేది. "ఏం బిడ్డా?" అనేది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ఆ మూడు వారాలు నేను బతికి ఉన్నది ఆ ముడి వల్లే.

ఎర్రగడ్డ మాట ఎత్తింది మా బడిలో పనిచేసిన హిందీ టీచర్. చూడ్డానికి వచ్చి, అందరూ లేచి వెళ్లాక మెల్లగా చెప్పింది. "మా తమ్ముడు ఎనిమిదేండ్ల సంది అక్కడి గోలీలు ఏసుకుంటున్నడు. పెండ్లయింది, కొలువు చేస్తున్నడు. ఎవ్వరికి చెప్పలే మేము." ఎనిమిదేళ్లూ స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఆమె. నేను ఆ ఎర్రగడ్డ జోకు వేసినప్పుడు ఆమె ఎటు చూసేదో నాకు గుర్తులేదు.

వరంగల్ మాకు ఇంకా దగ్గర, కానీ అక్కడ చుట్టాలు ఎక్కువ. ఎవరైనా చూస్తే? అందుకే హైదరాబాద్ వెళ్లాం. తెల్లవారుజామున జనగామ స్టేషన్, అక్కడినుంచి సికింద్రాబాద్, మళ్లీ సిటీ బస్సు. ఆసుపత్రిలో అందరూ నాలాంటివాళ్లే, టిఫిన్ డబ్బాలు, ఫైళ్లు, చంకలో పిల్లలు. నేను ఊహించుకున్న కేకలు, గొలుసులు ఎక్కడా లేవు. చిన్న వయసు డాక్టరమ్మ. "ఎన్ని గంటలకు మెలకువొస్తుందమ్మా?" అని అడిగింది. మూడింటికి అన్నాను. తలూపి రాసుకుంది. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. రోగం పేరు డిప్రెషన్ అంది, రాత్రికి ఒక ఎస్సిటలోప్రామ్ మాత్ర రాసింది. రెండు మూడు వారాలదాకా గుణం కనిపించదు, ఓపిక పట్టాలి, నీ అంతట నువ్వు మానొద్దు అని మూడుసార్లు చెప్పింది. మాత్రలు అక్కడే, పైసా తీసుకోకుండా ఇచ్చారు.

ఇరవై మూడో రోజు మా పెద్దదాని నోట్‌బుక్‌లో వెడ్నెస్‌డే స్పెల్లింగ్ తప్పు కనిపించి, ఎర్ర పెన్ను ఎక్కడుందని అరిచాను. ఇల్లంతా పెన్ను వెతకడానికి లేచింది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. డాక్టర్ ఫ్రీ, మాత్రలు ఫ్రీ. కానీ నెలనెలా అక్కడికి వెళ్లిరావడానికి ఇద్దరికి దారిఖర్చు, తిండి, ఆ రోజు తిరగని ఆటో, అన్నీ కలిపితే మాకు 1,500 రూపాయలు. 2022 ఫిబ్రవరిలో ఆటో ఇంజన్ పోయింది. ఒక నెల వెళ్లలేదు. బాగానే ఉన్నాను కదా అని నాకూ అనిపించింది. మాత్రలు అయిపోయాయి. మూడో వారంలో మళ్లీ మూడింటికి మెలకువ.

బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక రోగాల్లో రకాన్ని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. డాక్టర్లు తక్కువని, జనానికి తెలియదని, సిగ్గుపడతారని కారణాలు చెబుతారు, అవన్నీ నిజమే. మా ఇంట్లో ఆ నెల కారణం ఆటో ఇంజన్.

హిందీ టీచరే మా పాత టెన్త్ పిల్లల వాట్సాప్ గ్రూపులో నాకు ఒంట్లో బాగాలేదని పెట్టింది. పాపం, పిల్లలు వెంటనే స్పందించారు. "ఆపరేషన్ ఎప్పుడు మేడం? ఎంతవుతుందన్నారు?" అని ఒకడు, "బెడ్ మీద ఉన్న ఫొటో ఒకటి పెట్టండి, వేరే గ్రూపుల్లో వేస్తాం" అని ఇంకొకడు. బెడ్డూ లేదు, ఆపరేషనూ లేదు. గుండెకు రంధ్రం అంటే ఒక్క సాయంత్రంలో లక్ష పోగవుతుంది, వాళ్లు చేసి చూపించారు కూడా ఒకసారి. నాకు కావలసింది నెలకు 1,500, ఎన్ని నెలలో తెలియదు. అది కూడా రైలు టికెట్టుకు! ఇది ఎవరికి చెప్పినా వింతగా చూస్తారు. రెండు రోజులు ఆలోచించి రోగం పేరు, ఆసుపత్రి పేరు నేనే రాసి పెట్టాను. ఒకడు "మేడంకు పిచ్చా" అని పెట్టి వెంటనే డిలీట్ చేశాడు. నేను చూశాను నాయనా. నీకు ఆ మాట నేర్పింది నేనేనేమో.

తొమ్మిది మంది మిగిలారు. పధ్నాలుగు నెలలు, ప్రతి నెలా ఐదో తేదీన డబ్బు పడింది. ఒక్కోసారి ఒకరు మర్చిపోతే ఇంకొకరు వేసేవాళ్లు. శాలువా, మెమెంటో ఏమీ లేవు. వాళ్లలో ఒకమ్మాయి డి-మార్ట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడి పనిచేస్తుంది. ఆ పిల్ల వేసిన 150 రూపాయలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. 2023 వేసవిలో డాక్టరమ్మ డోసు తగ్గిస్తూ తగ్గిస్తూ మాన్పించింది. అంతకు ముందే ఇంకో బడిలో చేరాను. జీతం తక్కువే, పని మాత్రం ఉంది.

దానం చేసేవాళ్లకు నాదొక మనవి. అన్నదానాలు చేయండి, వద్దనను. కానీ మీ ఊళ్లో ఇలాంటి మాత్రలు వేసుకునే మనిషి ఉంటే ఒక ఏడాది పాటు వాళ్ల దారిఖర్చు మీరు పెట్టుకోండి. ఫొటో రాదు, ముందే చెబుతున్నాను. 2023 డిసెంబర్ 9 నుంచి మా తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. ఆ పథకాన్ని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా తోడు వచ్చే మగవాడి టికెట్టు, అతని కూలీ ఉండనే ఉన్నాయి. ఇంకో మాట, మీలో ఎవరికైనా మూడింటికి మెలకువ వస్తుంటే 14416కు ఫోన్ చేయండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు, టెలి మానస్ అంటారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. అది 2022 అక్టోబర్ 10న మొదలైంది. నేను గడప మీద నిలబడ్డ రాత్రికి దాదాపు ఏడాది ఆలస్యంగా.

నాకు తగ్గితే ఇస్తానని అత్తమ్మ అప్పట్లో పసుపు గుడ్డలో 1,116 రూపాయల ముడుపు కట్టింది. తగ్గాక, ఆ డబ్బు మా వెనక వీధి పిల్లాడికి ఇద్దామన్నాను. డిగ్రీ చదువుతూ మధ్యలో మానేశాడు, ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తుందంటాడు. వాణ్ని కూడా నెలనెలా తీసుకెళ్లాలి. అత్తమ్మ ఒప్పుకోలేదు. "దేవుని సొమ్ము దేవునికే. నీకంత ఉంటే ఇంకోటి కట్టు" అంది. దేవుడి ముడుపు గుడికి పోయింది. అది వేలాడిన మేకుకే రెండోది కట్టాం. వారానికి వంద నేను వేస్తాను, పింఛను వచ్చిన రోజు అత్తమ్మ ఎంత వేస్తుందో నాకు చెప్పదు.

పోయిన నెల ఆ పిల్లాడి నాన్న రైలుకు టైమవుతోందని నాలుగున్నరకే వచ్చి తలుపు కొట్టాడు. ముడి బాగా బిగుసుకుపోయింది, నా గోళ్లకు రాలేదు. అత్తమ్మ లాక్కుని, ఉన్న నాలుగు పండ్లతో పట్టి విప్పింది.